పాత మోటారు పడవ మరమ్మతు: నీటిగీత కింద నుంచి మొదలుపెట్టాలి

సాగర్ హిల్ కాలనీ దగ్గరనో, కొల్లాపూర్ వైపు సోమశిల రేవులోనో తిప్పుకోవడానికి కోస్తా నుంచి పాత మోటారు పడవను లారీ మీద తెచ్చుకొనేవారు, దాన్ని దించిన రోజునే రంగుల డబ్బాల లెక్క వేస్తారు. ఆ వెంటనే మెత్తటి సీట్లు, పాటల పెట్టె, వీలైతే పైన ఇంకొక అంతస్తు. ఇంజను కింద నిలిచిన నల్లటి నీటి సంగతి ఆఖరుకు గాని గుర్తుకు రాదు. ఈ వరుసను తలకిందులు చేయమన్నదే నా సలహా. నీటిగీతకు పైనున్న లోపం కంటికి బాగుండదు, అంతే. కిందనున్న లోపం పడవను ముంచుతుంది. చేతిలో ఉన్న డబ్బు ఎంతైనా అది అడుగు నుంచి పైకి ఖర్చు కావాలి. ఇక్కడ చెప్పబోయేది 25 నుంచి 35 అడుగుల పొడవు, క్యాబిన్, లోపల డీజిల్ ఇంజను ఉన్న ఫైబర్ పడవల గురించి.

మన దగ్గర క్రేన్లున్న పడవల యార్డులు లేవు కాని, జలాశయమే ఏటా ఆ పనిలో సగం చేసిపెడుతుంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. వేసవిలో నీరు దిగినకొద్దీ ఒడ్డు వెడల్పు అవుతూ పోతుంది. ఫిబ్రవరిలో పడవను ఒడ్డుకు తెచ్చి, గుండ్రటి దుంగల మీదుగా చైన్ పుల్లీతో మెల్లగా పైకి లాగించి, జూన్ నెలాఖరుకు పని ముగించే లెక్కన బయలుదేరాలి. ట్రాక్టరుతో ఒక్క ఊపున లాగిస్తే పని తొందరగా అవుతుంది గాని, ముందు కొసనున్న కొక్కెం ఊడి వచ్చే ప్రమాదం ఉంది. అందుకని తాడును అడుగు చుట్టూ తిప్పి కట్టాలి. ఎగువన జూరాల గేట్లు ఎత్తారని వార్త వచ్చాక సోమశిల ఒడ్డున పెట్టిన పడవకు తీరిక ఉండదు. ఒడ్డు మీద షెడ్డు వేసుకోవడానికి నీటిపారుదల శాఖ అనుమతి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దుల్లో అయితే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

పడవ బరువు మొత్తం అడుగున మధ్యగా సాగే వెన్ను మీద, అంటే కీల్ (keel) మీద ఆనాలి. దాని కింద ప్రతి 5 లేక 6 అడుగులకు ఒక మొద్దును వరుసగా, ఒకే ఎత్తులో పేర్చాలి. పక్కల పెట్టే ఊతకర్రలు పడవ ఒరిగిపోకుండా ఆపడానికే గాని బరువు మోయడానికి కాదు. ఊతకర్ర కొస నేరుగా ఫైబరుకు తగిలితే అక్కడ లోపలికి నొక్కుకుపోతుంది కాబట్టి మధ్యలో ప్లైవుడ్ ముక్క, దాని మీద పాత టైరు ముక్క పెట్టాలి. లోపల అడ్డగోడ ఎక్కడ ఉందో చూసుకొని దానికి ఎదురుగానే ఆనించాలి.

ఇక పరీక్ష. అడుగును నాచు లేకుండా కడిగి, ఆరాక, చిన్న ప్లాస్టిక్ సుత్తితో గాని స్క్రూడ్రైవర్ పిడితో గాని జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. అంగట్లో కుండ కొనేవారు వేలితో మీటి చూసినట్టే ఇదీను. గట్టిగా ఉన్నచోట మోత ఖంగుమంటుంది. పొరలు విడిపోయినచోట, లోపలి చెక్క కుళ్ళినచోట అది మొద్దుబారి డబడబమంటుంది. మోత మారిన ప్రతిచోటా సుద్దతో గీసి, ఆ గీతల ఫొటో తీసి పెట్టుకోవాలి. ఇది ఒక్కరోజు పని. గాలి లేని ఉదయం పూట, పక్కన ఎవరూ మాట్లాడకుండా చేయాలి. వైజాగ్ కాలనీ వైపు జాలర్లలో ఫైబర్ పడవలతో పెరిగినవారు ఉన్నారు. వారిలో పెద్దవారిని ఒకరిని పిలిచి మళ్ళీ తట్టించడం మంచిది. మనకు వినబడని తేడా వారి చెవికి వినబడుతుంది.

అడుగున బఠాణీ గింజంత, రూపాయి బిళ్ళంత బుడిపెలు కనిపిస్తే, ఒకదాన్ని కొసతో గుచ్చి చూడండి. లోపలి నుంచి జిగటగా, వెనిగర్ లాంటి పుల్లటి వాసనతో నీరు వస్తే అది ఆస్మాసిస్ జబ్బు. సముద్రంలో పదేళ్ళు బాగానే ఉన్న పడవ మంచినీటిలోకి వచ్చాక ఎందుకు పొక్కిందని చాలామంది ఆశ్చర్యపడతారు. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట దిగినట్టు, నీరు ఎప్పుడూ కరిగిన పదార్థం ఎక్కువ ఉన్నవైపుకే పోతుంది. ఫైబర్ పొరల మధ్య చిక్కుకున్న ఆమ్లాలు బయటి నీటిని అలాగే లోపలికి లాక్కుంటాయి. సముద్రపు నీటిలో ఉప్పు ఉంది కాబట్టి ఆ లాగుడు తక్కువ. కృష్ణ నీటిలో అది లేదు కాబట్టి లాగుడు ఎక్కువ. నాలుగైదు బుడిపెలే అయితే వాటినే తెరిచి, చెక్కి, ఆరబెట్టి పూడ్చవచ్చు. అడుగంతా పొక్కితే పైనున్న నున్నటి పొర, అంటే జెల్‌కోటు, మొత్తం తీసివేయక తప్పదు.

తీసివేశాక రోజు విడిచి రోజు మంచినీటితో కడుగుతూ ఆరనివ్వాలి. కడగడం ఎందుకంటే లోపలి ఆమ్లాలు కారి పోవాలి. అవి పోకుండా పైపైన ఆరితే రెండేళ్ళకు మళ్ళీ పొక్కుతుంది. ఆరిందీ లేనిదీ తెలుసుకోవడానికి, అడుగెడు చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచాలి. లోపల చెమ్మ పట్టిందా, ఇంకా ఆరలేదన్నమాట. చలి దేశాల్లో దీనికి నెలల తరబడి వేడి గాలి యంత్రాలు పెడతారు. నల్లగొండ ఏప్రిల్ ఎండ మనకు ఉచితంగా వస్తుంది. ఈ ఊరి ఎండను మెచ్చుకొనే సందర్భం ఇదొక్కటే కావచ్చు.

అదే ఎండ రెసిన్, అంటే ఫైబర్ పొరలను పట్టి ఉంచే జిగురు, కలిపేటప్పుడు శత్రువు. మా 28 అడుగుల పడవకు మొదటిసారి పని చేసినప్పుడు, మే నెలలో పదకొండు గంటల వేళ, రెండు కిలోల పాలిస్టర్ రెసిన్‌ను ఒకే బకెట్టులో కలిపాను. మ్యాట్ (గాజు పోగుల పరుపు) పరిచి బ్రష్ ముంచేసరికి పైన మీగడ కట్టినట్టు అయింది. తీసి చూస్తుండగానే బకెట్టు నడుము మెత్తబడి, పొగ మొదలై, అంతా ఒక ఆకుపచ్చ రాయిగా బిగిసింది. దాన్ని గుర్తుగా షెడ్డు తలుపు తెరుచుకొని ఉండేందుకు అడ్డం పెట్టుకున్నాను. అప్పటి నుంచి తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిదిన్నర వరకే రెసిన్ పని. ఒక్కసారికి 300 నుంచి 500 గ్రాములకు మించి కలపకూడదు. లోతైన బకెట్టులో కాక వెడల్పాటి ట్రేలో పోస్తే వేడి నిలవదు. గట్టిపడే ద్రావకం, అంటే కెటలిస్టు, వేడి రోజుల్లో రెసిన్ బరువులో 1 శాతం చాలు. తొందరగా బిగుస్తోందని దాన్ని ఇంకా తగ్గిస్తే పొర ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. తగ్గించవలసింది కలిపే మోతాదును, మందును కాదు. రెసిన్ గట్టిపడే వేగాన్ని పెంచే కోబాల్టును, కెటలిస్టును నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు, అవి పేలతాయి. కోబాల్టు ముందే కలిపిన రెసిన్‌ను అడిగి తెచ్చుకోవడం మేలు. కంటికి అద్దాలు లేకుండా కెటలిస్టు సీసా మూత కూడా తీయకూడదు.

పగిలినచోట పూత వేసేటప్పుడు గుంతను మాత్రమే పూడ్చితే అది బిరడా లాగా ఒకనాడు ఊడిపోతుంది. చుట్టూ పళ్ళెం అంచులా వాలుగా చెక్కాలి. మందానికి 12 రెట్ల వెడల్పు వాలు ఉండాలన్నది లెక్క. 6 మిల్లీమీటర్ల మందం ఉన్న అడుగుకు ప్రతి వైపు 72 మిల్లీమీటర్లు, అంటే సుమారు నాలుగు వేళ్ళ వెడల్పు. తరువాత మ్యాట్, రోవింగ్ (నేసిన గాజు గుడ్డ) పొరలను మార్చి మార్చి వేస్తూ, ప్రతి పొరలోని గాలి బుడగలను ఇనుప రోలరుతో తరిమివేయాలి. పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగానే పడుతుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగ్గా పట్టదు. అందుచేత ఏది ముందు, ఏది తరువాత అన్నది డబ్బా తెరవకముందే తేల్చుకోవాలి. ఆఖరున నీటిని ఆపే ఎపాక్సీ పూతను పలుచగా ఐదారు సార్లు వేసి, మొత్తం మందం సుమారు 250 మైక్రాన్లు వచ్చేలా చూసుకోవాలి. దాని పైన, సముద్రపు పడవలకు వేసే రాగి విషపు రంగు మనకు అవసరం లేదు. మంచినీటిలో గుల్లలు అంటవు, నాచు మాత్రమే పడుతుంది. అది చీపురుతో పోతుంది. పైగా సాగర్ నుంచి పుట్టంగండి, అక్కంపల్లి మీదుగా పోయే నీటినే హైదరాబాద్ తాగుతోంది.

ఇంతకంటే మోసకారి రోగం లోపలి చెక్కది. పాత పడవల్లో ఇంజను కూర్చునే దూలాలు, వెనుక పలక చాలావరకు చెక్క మీద ఫైబర్ చుట్టినవే. ఎప్పుడో ఒక స్క్రూ రంధ్రం నుంచి దిగిన నీరు ఫైబర్ తొడుగు లోపల చెక్కను తినేస్తుంది, బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. ఇంజను బోల్టు పక్కన 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రం వేసి, వచ్చిన పొట్టును అరచేతిలోకి తీసుకోండి. తెల్లగా, పొడిగా రాలితే సంతోషం. నానిన గోనెసంచి వాసనతో, కాఫీ గుండలా నల్లగా, వేళ్ళకు అంటుకుంటే ఆ దూలం పని అయిపోయినట్టే. అప్పుడు ఇంజనును ఎత్తక తప్పదు. పై తొడుగును ఒకవైపు కోసి, కుళ్ళంతా తీసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌ను పొరలుగా అతికించి కొత్త దూలం కట్టాలి. మామూలు ఇంటి ప్లైవుడ్ చవక. అది రెండు వానాకాలాలు ఆగదు. ఇకముందు వేసే ప్రతి బోల్టుకు రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ తొలవాలి. అప్పుడు నీరు చెక్క దాకా చేరదు.

అడుగులో ఉన్న ప్రతి రంధ్రానికి ఒక వాల్వు, ప్రతి వాల్వుకు ఒక అనుమానం ఉండాలి. ఇళ్ళ నల్లాలకు వాడే ఇత్తడి వాల్వులు పడవలో పెడితే, వాటిలోని జింకు క్రమంగా కరిగిపోయి లోహం గులాబీ రంగుకు తిరిగి పెళుసవుతుంది; గీకి చూస్తే తెలుస్తుంది. గన్‌మెటల్ వాల్వులే వేయాలి. గొట్టానికి రెండు స్టీలు క్లిప్పులు వేయాలి. కోస్తా నుంచి వచ్చిన పడవలో, ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీకి, అంటే షాఫ్టుకు జింకు దిమ్మలు బిగించి ఉంటాయి. లోహాన్ని కాపాడటానికి అవి ముందుగా తాము కరగాలి. మంచినీటిలో జింకు మీద తెల్లటి పొర కట్టి అది పనిచేయడం మానేస్తుంది. మన జలాశయాల్లో మెగ్నీషియం దిమ్మలు పెట్టాలి. వాటికి రంగు మాత్రం వేయకూడదు, వేస్తే పెట్టనట్టే.

షాఫ్టు బయటికి పోయేచోట నీరు లోపలికి రాకుండా ఆపే గ్లాండు విషయంలో ఒక మెకానిక్కు చేసిన పనికి నేను ఒక షాఫ్టునే పోగొట్టుకున్నాను. చుక్క నీరు రాకూడదని అతడు నట్టును బలం కొద్దీ బిగించాడు. గంట నడిచేసరికి ఇత్తడి గిన్నె చేయి పెట్టలేనంత కాగింది, తీసి చూస్తే షాఫ్టు మీద వేలిగోరు దిగేంత చార పడింది. ఈ రకం గ్లాండు కారాలి. షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి, ఆగి ఉన్నప్పుడు దాదాపు పడకూడదు. గ్లాండులో షాఫ్టు చుట్టూ నింపే పాత తాడు, అంటే ప్యాకింగ్ మీద కొత్తది కుక్కకుండా, ఆఖరి చుట్ట వరకు కొక్కెంతో లాగి తీయాలి. గిన్నె లోపలి వ్యాసంలోంచి షాఫ్టు వ్యాసం తీసివేసి సగం చేస్తే కావలసిన ప్యాకింగ్ మందం వస్తుంది. ఆ తాడును షాఫ్టుకే చుట్టి, ఏటవాలుగా కోసి, ఒక్కొక్క చుట్టను విడిగా పెడుతూ, అతుకులు ఒకే వరుసలో పడకుండా తిప్పాలి. ప్యాకింగ్, బేరింగులు, పంపు సామాను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. నమూనా ముక్కను చేతిలో పట్టుకుపోతే పని తొందరగా అవుతుంది.

ఇంజను గురించి మన మెకానిక్కులకు చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే చాలా పడవల్లో ఉన్నది లారీ ఇంజనే. తేడా చల్లబరచడంలో ఉంది. నీటిని లాగే పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను చూడకుండానే మార్చివేయండి. దాని రెక్క ఒకటి విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడో గొట్టంలో ఇరుక్కొని ఉంటుంది, వెతికి తీయాలి. కూలెంటులో మన జిల్లా బోరు నీళ్ళు కలపవద్దు. ఆ నీటిలోని ఫ్లోరైడ్ దంతాలను ఏం చేస్తుందో నల్లగొండ వారికి చెప్పనక్కరలేదు, దాని గట్టిదనం సన్నటి గొట్టాలను గార కట్టించి మూసేస్తుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. పొగ నల్లగా ఉంటే బరువు ఎక్కువో, డీజిల్ ఎక్కువో. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లగానే ఉంటే కాలని డీజిలో, లోపలికి చేరిన నీరో అన్నది చూడాలి.

వైరింగును సరిచేయడం కంటే మొత్తం తీసివేసి కొత్తగా వేయడమే చాలాసార్లు తక్కువ పని. తగరపు పూత ఉన్న రాగి తీగ వాడాలి; బ్యాటరీ నుంచి బయలుదేరిన జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. తీగ మందాన్ని కంటితో అంచనా వేయకండి. 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు తీసుకొనే పంపుకు పోయి రావడానికి 10 మీటర్ల తీగ పడుతుందనుకోండి. వోల్టేజి 3 శాతానికి మించి పడిపోకూడదంటే 0.36 వోల్టులే పోవాలి. అందుకు సుమారు 4.9 చదరపు మిల్లీమీటర్ల రాగి కావాలి కాబట్టి బజారులో దొరికే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయాలి. అక్కడ 1.5 తీగ వేసినవారి పంపు మూలుగుతూ తిరుగుతుంది, నీరు ఎత్తదు. పడవ అడుగు భాగంలో, అంటే బిల్జిలో చేరిన నీటిని తోడే బిల్జి పంపుకూ, నీరు పెరగగానే దాన్ని నడిపించే ఫ్లోట్ స్విచ్చుకూ ప్రధాన స్విచ్చుతో సంబంధం లేకుండా, తమ ఫ్యూజుతో బ్యాటరీ నుంచి నేరుగా తీగ పోవాలి. యజమాని అన్నీ ఆపివేసి ఇంటికి పోయిన రాత్రే దాని అవసరం పడుతుంది.

ఇంతవరకు వచ్చాక డబ్బు మిగిలితే పైకి చూడవచ్చు. ఎల్ఈడీ దీపాలు, పైకప్పు మీద తేలికపాటి సౌర ఫలకం, పాత బల్లల స్థానంలో తక్కువ బరువున్న సీట్లు, ఇవన్నీ మంచివే. పై అంతస్తు మాత్రం వద్దనే అంటాను. పైన పెట్టిన ప్రతి కిలో పడవను ఒరిగిన వైపుకే నెడుతుంది. దాని మీద ఎక్కే జనం నాగార్జునకొండ కనబడగానే అందరూ ఒకే పక్కకు చేరతారు. మార్పులకు ముందూ తరువాతా ఒక పరీక్ష చేయండి. నిశ్చలమైన నీటిలో తాళ్ళు వదులు చేసి, ఒక పక్క అంచు మీద అడుగు వేసి తీస్తూ పడవను ఊపి, ఒక వైపు నుంచి రెండో వైపుకు పోయి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పది ఊపులకు కొలిచి పదితో భాగించాలి. ఆ సెకన్ల సంఖ్య పడవ వెడల్పు మీటర్ల సంఖ్య కంటే తక్కువ ఉండాలి. మూడు మీటర్ల వెడల్పున్న పడవ రెండున్నర సెకన్లలో టక్కున తిరిగి వస్తే నిలకడ ఉన్నట్టు. మార్పుల తరువాత అది మూడున్నరకు చేరి బద్ధకంగా లేస్తోందంటే పైన పెట్టింది దించివేయాలి. ఇది సర్వేకు, అంటే అధికారిక తనిఖీకి, బదులు కాదు. 2021 అంతర్దేశీయ నౌకల చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే పత్రం అవసరం. నిర్మాణంలో మార్పు చేస్తే దాన్నీ నమోదు చేయించాలి. సర్వేయరును రంగు వేశాక కాక, దూలాలు తెరిచి ఉన్నప్పుడే పిలిస్తే ఆయనకూ మీకూ మేలు.

నీటిలోకి దించేటప్పుడు దుంగల మీద నుంచి పూర్తిగా వదలకుండా, వెనుక భాగం మునిగేదాకా దించి, తాడు బిగించి ఆపండి. ఒకరు లోపల టార్చి పట్టుకొని ప్రతి వాల్వు చుట్టూ, గ్లాండు చుట్టూ, కొత్త పూతల దగ్గర వేలితో తడిమి చూడాలి. పొడిగా ఉంటేనే మిగతా భాగం దించాలి. ఇంజనుకూ షాఫ్టుకూ మధ్య కలయికను ఒడ్డు మీద ఎంత సరిచూసినా ఆ రోజే బోల్టులు ఖాయం చేయకూడదు; నీటిలో తేలినప్పుడు పడవ ఒళ్ళు కొద్దిగా మారుతుంది. ఒక రోజు తేలనిచ్చి, ఇంజనునూ షాఫ్టునూ కలిపే రెండు బిళ్ళల, అంటే ఫ్లాంజీల మధ్య సందును నాలుగు చోట్ల ఫీలర్ గేజితో (సందు కొలిచే పలుచని రేకులతో) కొలవాలి. 100 మిల్లీమీటర్ల ఫ్లాంజికి తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. ఆ తరువాత, ఎక్కించబోయే జనం బరువుకు సరిపడా ఇసుక సంచులు వేసి గంట సేపు నడపండి. తిరిగి వచ్చాక బిల్జిని పాత గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరబెట్టి, అడుగున పాత దినపత్రిక ఒకటి పరిచి ఇంటికి పోండి. మరునాడు పొద్దున కాగితం ఎక్కడ తడిసిందో చూస్తే, ఇంకా మిగిలిన పని ఏ మూలన ఉందో దొరుకుతుంది.